ఇశ్రాయేలులో కమ్మరి లేని దినములు

పాఠ్యభాగము: 1 సమూయేలు 13:19-22

సౌలు దినములలో ఇశ్రాయేలు దేశమందంతట కమ్మరి లేడు. నాగటి కర్రుకు పదును పెట్టించుకొనవలెనన్నను రైతు ఫిలిష్తీయులయొద్దకే పోవలసియుండెను. ఇనుమును కరగించు విద్యను ఫిలిష్తీయులు రహస్యముగా దాచుకొనిరని ఈ భాగమును బోధించు వాడుక మనలో కలదు. అయితే హెబ్రీ మూలములో ఈ నాలుగు వచనములందు ఇనుము అను మాటయే లేదు. అచ్చటి పదము వడ్రంగికిని రాతిపనివానికిని కూడ చెల్లును. గ్రీకు అనువాదకులు దానికి ఇనుమును చేర్చిరి. మన "కమ్మరి"యు ఆ తలంపునే కలిగించును.

మరి త్రవ్వకములు ఏమి తెలుపుచున్నవి? ఇనుప పనిముట్టు ఒకచోట దొరకినంత మాత్రమున అది అచ్చటనే పుట్టినదని చెప్ప వీలులేదు. వర్తకుని మూటలో వచ్చియుండవచ్చును. చిట్టెము అట్లు కాదు, దానిని ఎవరును మోసికొనిపోరు. ఆ కాలపు కొలిమిలో ఇనుము నిజముగా కరగలేదు. అది కరుగుటకు 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. ఆ కొలుములలో 1200 డిగ్రీలు వచ్చుటయే గొప్ప. మలినములు మాత్రము కరగి చిట్టెమై కారిపోగా, బొగ్గులనడుమ గుల్లవంటి ఇనుప ముద్ద మిగులును. దానిని మరల కాల్చి సుత్తెతో బాదుదురు. తెలంగాణ పల్లెల పొలిమేరలలో నల్లని చిట్టెపు కుప్పలను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

అట్టి చిట్టెము 700 కిలోగ్రాములకు మించి యొర్దాను దేశములోని తెల్ హమ్మె అను దిబ్బలో దొరకెను. 1996, 1997, 2000 సంవత్సరములలో అచ్చట త్రవ్విరి. తిత్తుల గాలిని కొలిమిలోనికి పంపిన మట్టి గొట్టముల తునకలును అందుండెను. ముడి ఖనిజము సమీపమందలి అజ్లూను కొండలలోని వర్దా గనినుండి వచ్చినది. కాలము దాదాపు క్రీ.పూ. 930. దిబ్బ ప్రక్కన పారు ఏరు చదువరులకు తెలియనిది కాదు. యాకోబు రాత్రియంతయు పెనుగులాడిన యబ్బోకు రేవు ఈ యేటిదే. సొలొమోను ఇత్తడి సామగ్రిని పోతపోయించిన సుక్కోతు మైదానమును (1 రాజులు 7:46) ఆ దాపుననే యున్నది.

ఫిలిష్తీయుల సరిహద్దున నున్న బేత్షెమెషులో దాదాపు క్రీ.పూ. 900 నాటి ఇనుప పని చేయు కమ్మరి కొట్టమే బయలుపడెను. ఇవి రెండును సౌలు కాలమునకు సుమారు నూరేండ్లు తరువాతివి. సౌలునాటి ఫిలిష్తీయ పట్టణములలో కనబడు లోహకారుల జాడలు విశేషముగా కంచుపనివే. కాబట్టి ఇనుప రహస్యమును గూర్చి ప్రసంగించువారు కొంచెము ఆగవలెను. వాక్యము చెప్పునంతవరకు, ఫిలిష్తీయులు లేకుండ చేసినది పనివానినే.

ఆ పనికి రైతు చెల్లించినదెంత? 21వ వచనములోని "పీము" అను మాట అర్థము కాక 1611 నాటి ఆంగ్ల అనువాదకులు ఆకురాయి అని వ్రాసిరి. తరువాతి కాలమున ఆ మాట చెక్కిన చిన్న తూకపురాళ్లు యూదా ప్రాంతపు త్రవ్వకములలో బయటపడెను. ఒక్కొక్కటి 7.8 గ్రాముల ప్రాంతము. అనగా మన బైబిలులో తులమనబడిన షెకెలులో మూడింట రెండు వంతులు. ఒక నాగటి కర్రును పదును పెట్టించుకొనుటకు అంత వెండి తూచి ఇయ్యవలసివచ్చెను.