బైనరీ సెర్చ్: ముఖ్యాంశాలు

పోటీ పరీక్షల ప్రత్యేకం – కంప్యూటర్ పరిజ్ఞానం

- నిర్వచనం: క్రమంలో అమర్చిన అర్రేలో మధ్య విలువతో పోల్చి, ప్రతిసారీ సగం భాగాన్ని వదిలేస్తూ వెతికే పద్ధతి.
- తప్పనిసరి షరతు: డేటా ఆరోహణ లేదా అవరోహణ క్రమంలో ఉండాలి. (తరచూ అడుగుతారు)
- తొలి ప్రస్తావన: 1946, జాన్ మాక్లీ, మూర్ స్కూల్ ఉపన్యాసాలు. ఈయన ఎనియాక్ కంప్యూటర్ రూపకర్తల్లో ఒకరు.
- మధ్య స్థానం (మిడ్): (లో + హై) / 2; లో, హై అంటే వెతికే భాగపు మొదటి, చివరి ఇండెక్స్‌లు; భిన్నం వస్తే పూర్ణాంక భాగమే తీసుకోవాలి.
- లక్ష్యం పెద్దదైతే లో = మిడ్ + 1; చిన్నదైతే హై = మిడ్ – 1 (ఆరోహణ క్రమంలో).
- లో > హై అయితే ఆ విలువ అర్రేలో లేనట్టే.

ఉదాహరణ: 4, 9, 15, 22, 31, 40, 58లో 40 కావాలి. ఇండెక్స్ 0 నుంచి మొదలు. మొదటి మిడ్ 3 (విలువ 22), రెండో మిడ్ 5 (విలువ 40). 2 పోలికల్లో దొరికింది. మొదటి నుంచి వరుసగా చూసే లీనియర్ సెర్చ్‌కు 6 పోలికలు.

సమయ సంక్లిష్టత (ఎన్ = విలువల సంఖ్య)
- ఉత్తమ సందర్భం: ఓ(1)
- సగటు, అధమ సందర్భాలు: ఓ(లాగ్ ఎన్)
- లీనియర్ సెర్చ్ అధమ సందర్భం: ఓ(ఎన్)

గరిష్ఠ పోలికలు: 100 విలువలకు 7, 1,000కి 10, 10 లక్షలకు 20.

గమనిక: 32 బిట్ల సైన్డ్ పూర్ణాంకం గరిష్ఠ విలువ 2,14,74,83,647. లో + హై దాన్ని దాటితే ఓవర్‌ఫ్లో. పరిష్కారం: లో + (హై – లో) / 2.

మాదిరి ప్రశ్న: 1,024 విలువలకు గరిష్ఠ పోలికలు ఎన్ని?
జవాబు: 11. చాలామంది 10 అని గుర్తిస్తారు, జాగ్రత్త.