మరమ్మతు పిదప తెఱవఁబడని లాప్‌టాపు

నేఁడు విద్యార్థుల వ్రాఁతలును, ఉపాధ్యాయుల మార్కుల పట్టికలును, కుటుంబముల ఛాయాచిత్రములును లాప్‌టాపులోని డ్రైవునందే నిలువయుండుచున్నవి. అట్టి యంత్రము చెడి, మదర్‌బోర్డు మార్పించి యింటికిఁ దెచ్చిన పిదప, 48 అంకెల రికవరీ కీ నిమ్మని తెర యడుగుట కలదు. తా మెన్నఁడును తాళము వేయలేదనియు, మరమ్మతు చేసినవాఁడే పాడుచేసెననియుఁ బలువురు తలంతురు. నిజమేమో విచారింతము.

లాప్‌టాపునకు మూఁడు విధములైన తాళములు గలవు. మొదటిది విండోస్‌లోఁ బ్రవేశించునప్పుడు మన మిచ్చు పాస్‌వర్డు. ఇది వాకిటి గడియ వంటిది. లోని వస్తువులకు వేఱు రక్షణ లేనిచో, డ్రైవు నూడఁదీసి మఱియొక యంత్రమునకుఁ దగిలించినవాఁడు వానిని జదువఁగలఁడు. రెండవది డ్రైవునకే పెట్టు పాస్‌వర్డు. ఇది డ్రైవులోనే యుండును గావున బోర్డు మార్చినను పోదు. మూఁడవది బిట్‌లాకర్. 2007లో విండోస్ విస్టాతో ప్రజలకు వచ్చిన యీ పద్ధతి డ్రైవునందలి సమాచారమును గూఢలిపిగా మార్చివేయును. 48 అంకెల నడుగునది యిదియే.

దీనిని భోషాణముతోఁ బోల్పవచ్చును. భోషాణపు తాళపుచెవిని ఒక చిన్న పెట్టెలో నుంచి, ఆ పెట్టెకు రెండు వేర్వేఱు చెవులు చేయించిరనుకొందము. ఒక చెవి మదర్‌బోర్డుపై నుండు టీపీఎం అను చిప్పుయొద్ద నుండును. యంత్రము ప్రారంభమైనప్పుడు ఆ చిప్పు, అంతయుఁ బూర్వమువలెనే యున్నదా యని పరీక్షించి, యున్నచో మన మడుగకయే చెవి నిచ్చును. అందుచేతనే తాళమున్న సంగతి మనకుఁ దెలియదు. బోర్డు మార్చినప్పుడు పాత చిప్పు దానితోనే పోవును. క్రొత్త చిప్పుయొద్ద ఆ చెవి లేదు. ఇఁక రెండవ చెవియే శరణ్యము. అదియే రికవరీ కీ. కావున మరమ్మతు చేసినవానిని నిందించుట తగదు; తాళము తన పని తాను చేయుచున్నది.

ఈ యంకెలు ఆఱేసి చొప్పున ఎనిమిది గుంపులుగా నుండును. ప్రతి గుంపును 11చే నిశ్శేషముగా భాగింపఁబడును. 135135ను 11చే భాగింప 12285 వచ్చును, శేష ముండదు. 135136 అట్లు గాదు. కావున ఒక యంకె తప్పినను యంత్రము పట్టుకొనును. ఒక్కొక్క భాగఫలమునకు 16 బిట్లు. మొత్తము 128 బిట్లు. అనఁగా సాధ్యమైన కీల సంఖ్య 39 అంకెలు గలది. ఊహించి తెఱచుట యసాధ్యము. కీ లేకయే తెఱచెదమని సొమ్మడుగువారిని నమ్మరాదు.

కర్తవ్య మేమన, మొదట డ్రైవును ఫార్మాటు చేయనీయరాదు. తెరపైఁ గనఁబడు కీ ఐడీలోని మొదటి యెనిమిది యక్షరములను వ్రాసికొనవలెను. పిదప వేఱొక యంత్రమునుండి గాని ఫోనునుండి గాని, లాప్‌టాపును మొదట సిద్ధపఱచినవారి మైక్రోసాఫ్ట్ ఖాతాలోఁ బ్రవేశించి, ఆ యక్షరములతో సరిపోవు కీని వెదకవలెను. ఆ ఖాతా తండ్రిదో యన్నదో కావచ్చును. పాఠశాల యిచ్చిన యంత్రమైనచో పాఠశాలవారి నడుగవలెను. పూర్వము దాఁచిన కాగితములను, పెన్‌డ్రైవులను గూడఁ జూడవలెను. పాత బోర్డు కొంతైనఁ బనిచేయుచున్నచో, దానిని మరలఁ బెట్టించి చూడవచ్చును. ఇవి యేవియు లేనిచో డ్రైవును తుడిచి వాడుకొనవచ్చునే గాని, అందలి వ్రాఁతలు రావు; మైక్రోసాఫ్టువారు సైతము పోయిన కీని మరల సృష్టించి యియ్యలేరు. కీ దొరకి తెఱచిన పిదప, రక్షణను తాత్కాలికముగా నిలిపి మరల నారంభించినచో, క్రొత్త చిప్పు చెవిని స్వీకరించును.

2024లో వెలువడిన విండోస్ 11 24హెచ్2 కూర్పును క్రొత్తగా స్థాపించిన పెక్కు యంత్రములలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతోఁ బ్రవేశించినంతనే యీ తాళము తనంతటఁ బడుచున్నది. కావున విద్యార్థులారా! నేఁడే మీ యింటి యంత్రపు కీని కాగితముపై వ్రాసి బీరువాలో దాఁచుఁడు. లాప్‌టాపు సంచిలో మాత్రము పెట్టకుఁడు. మరమ్మతున కిచ్చుటకు ముందు ముఖ్యమైనవానికిఁ బ్రతులు తీసికొనుఁడు. గతించిన తల్లి ఛాయాచిత్రము ఆ డ్రైవులోనే యున్నచో, దానిని మరలఁ జూపఁగలది యా చిన్న కాగితమే.