కుక్కర్ మీద ఒక పేజీ: డిగ్రీ విద్యార్థులకు రాత అభ్యాసం

ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుందో ఒక పేజీలో రాయండి. నియమం ఒక్కటే: ‘పీడనం’, ‘మరిగే ఉష్ణోగ్రత’ అనే మాటలు వాడకూడదు.

చాలామంది రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. సూత్రం వచ్చు గానీ లోపల జరిగేది కళ్ల ముందు కదలదు. మూత లేని గిన్నెలో నీరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మంట పెంచితే ఆవిరి ఎక్కువగా వస్తుందే తప్ప నీటి వేడి అంతకు మించదు. కుక్కర్‌లో ఆవిరి దారిని విజిల్ బరువు మూసి ఉంచుతుంది. లోపలే చిక్కిన ఆవిరి నీటిని పైనుంచి అదుముతుంది. దాన్ని నెట్టుకొని బుడగలు లేవాలంటే నీరు ఇంకా వేడెక్కాలి, దాదాపు 120 డిగ్రీల దాకా. పప్పును ఉడికించేది ఆ అదనపు వేడి. విజిల్ చేసేదల్లా ఎక్కువైన ఆవిరిని వదలడమే (లెక్కపెట్టేది మాత్రం మనం దాన్నే!).

రాసినది ఇంట్లో వంట చేసేవారికి చదివి వినిపించండి. వాళ్లు ‘అంటే?’ అన్నచోటల్లా గీత గీసి, ఆ వాక్యం తిరగరాయండి. మార్కులు ఆ తిరగరాతకే ఇవ్వాలంటాను, అందమైన ఉపమానాలకు కాదు.

రెండో అభ్యాసం దీపం మీద. మైకేల్ ఫారడే 1860-61 చలికాలంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు కొవ్వొత్తి గురించే ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మీరు నూనె దీపాన్ని పది నిమిషాలు చూసి, కారణాల జోలికి పోకుండా కనిపించింది మాత్రమే రాయండి. కింద ఉన్న నూనె వత్తి కొసకు ఎలా చేరుతోందన్న అనుమానం వస్తే, వ్యాసం అక్కడ మొదలుపెట్టండి.