గండికోట విద్యార్థి, యూనివర్సిటీ సీటు
జమ్మలమడుగు మండలం గండికోట అమ్మాయి కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో (స్థాపన 2006) చేరాలంటే కౌన్సెలింగ్‌లో ముందుగా చూసేది స్టడీ సర్టిఫికెట్లే. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు, కడప కూడా ఉన్న ఎస్వీ (శ్రీ వేంకటేశ్వర) యూనివర్సిటీ ఏరియాలోనే చదివుంటే ఆమె ఆ ఏరియా స్థానికురాలు. 85 శాతం సీట్లు స్థానికులవే. ఆధారం: రాజ్యాంగ 32వ సవరణతో (1973) వచ్చిన 371-డి అధికరణ, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. కరువు సీమ పిల్లలకు ఇది కనీస న్యాయం.

దివ్యాంగుల కోటా దగ్గర జాగ్రత్త! 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉన్నత విద్యా ప్రవేశాల్లో కనీసం 5 శాతం (సెక్షన్ 32), ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం (సెక్షన్ 34). చాలామంది తారుమారు చేసేది ఇక్కడే.

ఇక సామాజిక రిజర్వేషన్లు: ప్రైవేటు కాలేజీల్లోనూ వాటికి వీలిచ్చింది రాజ్యాంగంలోని 15(5) అధికరణ. మైనారిటీ సంస్థలకు మినహాయింపు ఉంది.