బంగారు రేణువు ఎంత వేడికి కరుగుతుంది?

ప్రశ్న: బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుందంటారు. నలుసంత ముక్కకూ అంత వేడి కావాలా?

జవాబు: నలుసుకైతే కావాలి. నానోమీటర్ల స్థాయికి దిగితేనే లెక్క మారుతుంది. 1976లో బుఫా, బోరెల్ ప్రచురించిన ప్రయోగాల్లో రెండు మూడు నానోమీటర్ల బంగారు రేణువులు అంతకన్నా కొన్ని వందల డిగ్రీల దిగువనే కరిగాయి.

కారణం ఉపరితలమే. 55 పరమాణువులు ఇరవై ముఖాల ఆకృతిలో పేరుకుంటే నడుమ ఒకటి, దాని చుట్టూ 12, బయటి పొరలో ఏకంగా 42 ఉంటాయి. బయటివాటిని పట్టి ఉంచే పొరుగు పరమాణువులు తక్కువ. అందుకే కాస్త వేడికే చోటు వదిలి కదులుతాయి. కరిగే వేడి దగ్గర ఇలాంటి చిన్న గుంపు కాసేపు ఘనంగా, కాసేపు ద్రవంగా అటూ ఇటూ మారుతూ ఉండగలదు.

గాలియం తీరే వేరు.

మామూలుగా ఇది అరచేతి వేడికే కరిగిపోయే లోహం. 29.8 డిగ్రీలు చాలు. అయినా అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో మార్టిన్ జారల్డ్ బృందం పరీక్షిస్తే, 17 పరమాణువుల గుంపులో 400 డిగ్రీల దాకా కరిగిన జాడే లేదు! అంత చిన్న గుంపులో బంధాల తీరే మారిపోతుంది మరి.

పరమాణువుల సంఖ్య ఒక్కటి తేడా వచ్చినా చాలు. పుణె విశ్వవిద్యాలయంలో కన్హెరే బృందం వేసిన కంప్యూటర్ లెక్కల్లో, క్రమంగా అమరిన 31 గాలియం పరమాణువుల గుంపు స్పష్టంగా ఒకచోట కరిగింది; 30 ఉన్న గుంపు మాత్రం ఎక్కడ మొదలైందో తేలకుండా మెల్లగా సాగింది.