కారు బటన్‌తో గ్యారేజ్ తలుపు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి కారు అద్దం కింద మూడు బటన్లున్నాయి. వాటితో గ్యారేజ్ తలుపు తెరవడం ఎలా? ఇక్కడ మా గేటుకూ అది వీలవుతుందా?
– ఒక పాఠకుడు, శ్రీకూర్మం

జవాబు: ఆ బటన్లు సాధారణంగా హోమ్‌లింక్ అనే రేడియో పరికరానివి. తలుపుతో వచ్చిన రిమోట్ సంకేతాన్ని ఇది నేర్చుకుంటుంది. కారును గ్యారేజ్ బయట నిలిపి, రిమోట్‌ను బటన్‌కు రెండు మూడు అంగుళాల దూరంలో పట్టుకుని, రెండింటినీ కలిపి నొక్కి ఉంచాలి. నెమ్మదిగా మిణికే దీపం వేగంగా మిణికితే సంకేతం అందినట్టే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, తలుపు మాత్రం కదలదు. 1990ల నడుమ నుంచి వచ్చిన మోటార్లలో ఎక్కువ భాగం నొక్కిన ప్రతిసారీ సంకేతాన్ని మారుస్తాయి, దొంగలు నకలు చేయకుండా. అందుకే కొత్త బటన్‌ను మోటారు కూడా గుర్తించాలి. పైకప్పుకు బిగించిన మోటారు మీది ‘లెర్న్’ మీట నొక్కి, సుమారు 30 సెకన్లలోపు కారులోని బటన్‌ను రెండేసి సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు నొక్కాలి. నిచ్చెన దగ్గర ఒకరు, కారులో ఒకరు ఉంటే పని సులువు. ఆ సమయంలో తలుపు కింద పిల్లలెవరూ ఉండకూడదు.

భారత్‌లో అమ్మే చాలా కార్లలో ఈ బటన్లు ఉండవు. శ్రీకూర్మంలోని గేటుకు మోటారు ఉంటే, దానితో ఇచ్చిన రిమోట్‌నే కారులో ఉంచుకోవడం మేలు. కారు అమ్మేముందు మాత్రం అమ్మాయి ఆ బటన్లలోని సంకేతాలను తప్పక చెరిపేయాలి.