"చేయించుకుంటి" అని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలి?

తెలుగు శాఖ గోడపత్రికలో ఇంగ్లీషు పాఠమేమిటని అనుకోకండి, ఇది సగం మన వ్యాకరణమే. సెలవులయ్యాక కలిస్తే మనం ముందు మాట్లాడుకునేది జుట్టు, మొటిమలు, పార్లర్ గురించే కదా. ఆ కబుర్లే ఇంగ్లీషులో చెప్పబోతే నోరు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

"ఏంమే, ఐబ్రోస్ చేయించుకుంటివా?" "ఆ, నిన్ననే చేయించుకుంటి." ఇది మన ఎమ్మిగనూరు మాట. దీన్ని "ఐ డిడ్ మై ఐబ్రోస్" అంటే నాకు నేనే చేసుకున్నానని అర్థం. మన క్రియను విప్పి చూడండి. "చేయు" అనేది పని. దానికి "ఇంచు" చేరితే ఇంకొకరి చేత అని, అదే మేడమ్ చెప్పే ప్రేరణార్థకం. "కొను" చేరితే నా కోసం అని. మూడూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఇంగ్లీషుకు ఇట్లాంటి ప్రత్యయాలు లేవు కాబట్టి ముందు "గాట్", చివర "డన్" పెట్టి మధ్యలో వస్తువును ఉంచుతుంది: "ఐ గాట్ మై ఐబ్రోస్ డన్." అట్లాగే "ఐ గాట్ మై హెయిర్ కట్." ఇక్కడ "గాట్" వదిలేసి "ఐ కట్ మై హెయిర్" అన్నామంటే కత్తెర మన చేతిలోనే ఉన్నట్టు. బళ్లారి వైపు నుంచి వచ్చే స్నేహితురాళ్లకు ఇది ఇంకా సులువు. కన్నడంలో "మాడిస్కొండె" కూడా ఇదే కట్టడం. థ్రెడ్డింగ్ సంగతి చెప్పనక్కర్లేదు, నేతగాళ్ల ఊళ్లో దారం మాట ఎవరికి కొత్త?

తర్వాతి చిక్కు మన క్రియలు ఎక్కువ కావడం. బొట్టు పెట్టుకుంటాం, కాటుక దిద్దుకుంటాం, పసుపు పూసుకుంటాం, పౌడర్ వేసుకుంటాం. ఇంగ్లీషులో ఈ నాలుగింటికీ "పుట్ ఆన్" ఒక్కటే సరిపోతుంది. రోజూ ఉండే అలవాటు చెప్పాలంటే "వేర్": "ఐ వేర్ కాజల్ ఎవ్రీ డే." నాకైతే ఈ విషయంలో తెలుగే గొప్పగా అనిపిస్తుంది. దిద్దుకోవడంలో ఉన్న వేలి కదలిక "పుట్ ఆన్"లో ఎక్కడుంది?

తలస్నానాన్ని "హెడ్ బాత్" అనడం మన దేశంలోనే చెల్లుతుంది. బయటివాళ్లతో "ఐ వాష్డ్ మై హెయిర్" అనండి. షాంపూ మాట మాత్రం ఇక్కడి నుంచే అక్కడికి పోయింది. హిందీలో "చాంపో" అంటే ఒత్తు, మర్దన చేయి అని. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానం, మర్దనల శాల నడిపి ఆ మాటకు పేరు తెచ్చాడు. 1794లో ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసిన తొలి భారతీయుడూ ఆయనే. అప్పట్లో షాంపూ అంటే ఒళ్లు పట్టడం. తల రుద్దుకునే అర్థం తర్వాత వచ్చింది.

"ఆ క్రీమ్ నాకు పడలేదు" అనడానికి "ఫాల్" వెతక్కండి, "ఇట్ డిడ్ నాట్ సూట్ మై స్కిన్" చాలు. "ఈ కలర్ నీకు సెట్ అయింది" అన్నప్పుడు కూడా "సెట్" కాదు, "దిస్ కలర్ సూట్స్ యూ."

ఇక అసలు మాట. సెలవులయ్యాక వచ్చిన పిల్లను చూడగానే "ఏంమే, ఇంత నల్లగయిపోతివి?" అంటాం. పత్తి చేలో నెలరోజులు పనిచేసి వచ్చిన పిల్లకు ఆ మాట ఎట్లా తగులుతుందో ఆలోచించం. ఇంగ్లీషులో ఇదే "యూ లుక్ డల్" అని మర్యాద వేసుకుని వస్తుంది. అలసట చూసి అడిగేదుంటే "యూ లుక్ టయర్డ్, ఆర్ యూ ఓకే?" అనొచ్చు. రంగు గురించి అయితే ఏ భాషలోనూ అనకపోతేనే మేలు. "ఫెయిర్" అనే మాటకు తెలుపనీ, న్యాయమనీ రెండర్థాలు. 1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద ఫెయిర్ పోయింది గానీ పెళ్లిచూపుల్లో ఇంకా ఉంది. పెళ్లి ప్రకటనల్లో మెప్పుగా రాసే "హోమ్లీ" కూడా అంతే, అమెరికాలో ఆ మాటంటే అందం లేని మనిషని.

ఆ ఒత్తిడితోనే కొందరం మందుల షాపులో దొరికే ట్యూబులు ముఖానికి రాసుకుంటున్నాం. బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, మానేస్తే ఎర్రగా మండుతుంది. కాబట్టి స్నేహితురాలి ముఖం ఉన్నట్టుండి తెల్లబడితే "వావ్, సో ఫెయిర్" అనేముందు ఈ ఇంగ్లీషు వాక్యం వాడండి: "డిడ్ ఎ డాక్టర్ గివ్ యూ దట్ క్రీమ్?" తెలుగులో అడిగినా సరే, "ఎవరు చెప్పిరి మే నీకు అది రాసుకొమ్మని?"

"నలుగు పెట్టుకోవడం" ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో మా బెంచీలో తేలలేదు. "స్క్రబ్" అంటే పాత్రలు తోమినట్టుంది. కింద ఖాళీ వదిలాం, తోచినవాళ్లు పెన్సిల్‌తో రాయండి.